ఎరుపు కింద పసుపు గీత

పోయిన వారం బతూల్ వీధి తలుపు తీసిన చోట ఆగాం. తెతువాన్ ఊరి మీద మూడు రోజులుగా విడవని వాన. గుమ్మంలో గొడుగు లేని ఒక అపరిచితుడు. అతని చేతిలో ఏ గోడ మీదనుంచో ఊడదీసి నాలుగు మడతలు పెట్టిన పోస్టరు. గురువారం రాజధాని రబాత్‌లో మొదలయ్యే ప్రదర్శన తాలూకు పోస్టరది. ముఫద్దల్ రగూన్ నలభై ఏళ్ళుగా వేసిన చిత్రాలన్నీ ఒక్కచోట చేర్చే ఆ ప్రదర్శనకు అన్నీ సిద్ధమయ్యాయి, ఒక్క చిత్రం తప్ప. పోస్టరు మీద అచ్చేసింది ఆ ఒక్కదాన్నే. జనం 'ఉదయం' అని పిలుచుకునే ఆ పెద్ద కాన్వాసును ఇల్లు దాటనివ్వనని ముఫద్దల్ మూడు వారాలుగా మొండికేసి కూర్చున్నాడు. ఎందుకో చెప్పడు. ప్రదర్శన భారమంతా నెత్తిన వేసుకున్న కూతురు బతూల్ బతిమాలింది, అరిచింది, చివరికి తండ్రితో మాట్లాడటమే మానేసింది. సోమవారం పొద్దున పదకొండు గంటలకు ఆ ఇంటి పరిస్థితి అది.

"ఈ బొమ్మ వేసినాయన ఇల్లు ఇదేనా అమ్మా?" అన్నాడు ఆ మనిషి. యాభై దాటి ఉంటాయి. పళ్ళు సగం లేవు. వేసుకున్న పొడవాటి జెల్లాబా అంగీ ఎవరిదో లావుపాటి మనిషిది, భుజాల మీద నిలవడం లేదు. "అసలు బొమ్మ ఒక్కసారి చూసి వెళ్ళిపోతాను. కూర్చోను కూడా కూర్చోను."

"నాన్నగారు ఎవరినీ కలవడం లేదండీ. గురువారం ప్రదర్శనకి రండి, అక్కడ..." అని బతూల్ ఆగిపోయింది. అక్కడ ఆ బొమ్మ ఉంటుందో లేదో తనకే తెలియదు.

"రబాత్ దాకా రాలేనమ్మా. బస్సులో తల తిరుగుతోంది ఈమధ్య. నవ్వొస్తుంది తెలుసా, ఒకప్పుడు మార్టిల్ బస్సు కండక్టర్ని నేను."

లోపల వంటింట్లోంచి తల్లి జుహూర్ గొంతు వినిపించింది. "ఎవరే అది, తలుపు తీసి పెట్టి వాననంతా ఇంట్లోకి పిలుస్తున్నావు?"

"నాన్న బొమ్మ చూడ్డానికి వచ్చారమ్మా."

"చూడనీ, పాపం. ఆ బొమ్మని మనింట్లో చూసే దిక్కెవరు? అంత రంగు ఈ వంటింటి గోడకి కొట్టి ఉంటే నాలుగేళ్ళపాటు చెమ్మ బాధ తప్పేది." చేతులు తుడుచుకుంటూ వచ్చి, వచ్చిన మనిషిని పైనుంచి కిందిదాకా చూసి జుహూర్ గొంతు తగ్గించింది. "తడిసి ముద్దయ్యావు కదయ్యా! పైకి తీసుకెళ్ళవే. చిక్కుడుగింజల బైసారా పొయ్యి మీదుంది, దిగొచ్చాక వేడి వేడిగా ఇంత తాగి వెళ్దువుగాని."

అతను మెట్లెక్కుతుంటే బతూల్ వెనకనుంచి గమనించింది. పైకి చూడడు. అరచేయి గోడకు ఆనించి, కాలితో మెట్టు అంచు తడుముకుని, అప్పుడు అడుగు వేస్తున్నాడు. మలుపు దగ్గర ఆగిపోయాడు. ఎందుకు ఆగాడో ఆమెకు అర్థం కాలేదు. "పదండి" అన్నాక కదిలాడు. రెండో అంతస్తు దగ్గరా అంతే. ఎవరైనా చెబితే తప్ప ఆ కాళ్ళు ముందుకు పడటం లేదు.

పై అంతస్తు మొత్తం ఒకే గది. టర్పెంటైన్ వాసన, కుంపటి వాసన, పాత గోడల చెమ్మ వాసన కలిసి అక్కడి గాలి ఎప్పుడూ బరువుగానే ఉంటుంది. కుంపటి పక్కన కుర్చీలో కంబళి కప్పుకుని ముఫద్దల్ కూర్చున్నాడు. అరవై ఆరేళ్ళవాడు పోస్టర్లు ఊళ్ళోకి వచ్చినప్పటినుంచి డెబ్బై ఆరేళ్ళవాడిలా ఉన్నాడు. పెద్ద కాన్వాసు ఎదుటి గోడకు, ముఖం గోడవైపు తిప్పి ఆనించి ఉంది. అదీ పోస్టర్లు వచ్చినరోజు జరిగిన పనే.

"ఎవర్నీ పైకి తేవద్దన్నానా?" తండ్రి నోటినుంచి ఆమె వారం తర్వాత విన్న మొదటి మాట.

"అమ్మ తీసుకెళ్ళమంది" అంది బతూల్ ముభావంగా. వెళ్ళి కాన్వాసు అంచు పట్టుకుని తిప్పసాగింది. వచ్చినాయన రెండో అంచు పట్టాడు. ఇద్దరూ కలిసి దాన్ని వెలుతురులోకి తిప్పి నిలబెట్టారు.

ఎన్నిసార్లు చూసినా దాన్ని తిప్పగానే బతూల్ రెండడుగులు వెనక్కి వేస్తుంది. ఆరడుగుల ఎత్తు, అంతకు కొంచెం ఎక్కువ వెడల్పు. నూటికి తొంభై పాళ్ళు ఎరుపే. అది పువ్వు ఎరుపూ కాదు, నెత్తురు ఎరుపూ కాదు. పొర మీద పొర వేసి, గీకి, మళ్ళీ వేసిన మురికి ఎరుపు. మధ్యమధ్య గోధుమరంగులోకి దిగజారుతుంది, ఒకటి రెండు చోట్ల నల్లబడుతుంది. అడుగున మాత్రం ఒక పసుపు గీత, ఎడమవైపు దారంలా సన్నగా మొదలై కుడివైపుకు వెడల్పవుతూ పోతుంది. సరిగ్గా నడుమ ఒక నల్లటి గుబ్బ ఆ గీతను రెండు ముక్కలు చేస్తుంది. కుడి చివర, పసుపులో, బొటనవేలి గోరంత నీలం.

ఆ పసుపు గీత మీద దేశంలో ఎంత రాశారో! బడిపుస్తకంలో దాని మీద పాఠం ఉంది. తపాలా బిళ్ళ వచ్చింది. నల్లగుబ్బ ఊరికి ఎదురుగా ఉన్న గోర్గీజ్ కొండ అనీ, పసుపు గీత కొండ వెనక పుట్టే పొద్దు అనీ, నీలం మచ్చ మొదటి పిట్ట అనీ ఎవరో రాస్తే అందరూ అదే పాట పాడారు. ముఫద్దల్ ఆ బొమ్మకు పేరు పెట్టలేదు. పేరు పెట్టిందీ వాళ్ళే. ఆరేళ్ళుగా చిత్రకళ పాఠాల్లో బతూల్ పిల్లలకు చెప్పేదీ అదే. ప్రదర్శన పుస్తకం కోసం నెల కిందట పద్నాలుగు పేజీల వ్యాసం రాసిందామె. దాని చివరి మాట 'ఆశ'.

వచ్చినాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా గడ్డం పైకెత్తాడు, ఇంకా ఎత్తాడు, తల వీపుకు తగులుతుందేమో అన్నంతగా వెనక్కి వంచి, కనురెప్పలు వాల్చి, ముక్కు పక్కనుంచి కిందికి చూడసాగాడు. మూర్ఛ వస్తోందేమోనని బతూల్ చేయి చాచింది.

"నిలబడి చూసే బొమ్మ కాదమ్మా ఇది" అన్నాడు. బొమ్మకెదురుగా ఉన్న గోడ దగ్గరికి వెళ్ళి, గోడకు వీపు ఆనించి నేల మీద చతికిలబడ్డాడు. మోకాళ్ళు పొట్టలోకి ముడిచాడు. చేతులు రెండూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. మళ్ళీ తల వెనక్కి వంచాడు. "ఆఁ. ఇప్పుడు సరిపోయింది."

"మామూలుగా దీన్ని కొంచెం దూరంనుంచి చూస్తారండీ" అంది బతూల్. ఏం చేయాలో తోచక పాఠం అందుకుంది. "ఆ నల్లగా ఉందే, అది కొండ. దాని వెనక..."

అతను నవ్వాడు. పళ్ళు లేని నోటితో, గుండెల నిండా నవ్వాడు. "కొండా? కొండేమిటమ్మా, అది ముక్కు!"

"ముక్కా?"

"నా ముక్కు. ఆయన ముక్కు. కళ్ళకి గంతలు కట్టి చూడు, తెలుస్తుంది. గుడ్డ ఎంత బిగించి కట్టినా ముక్కు దగ్గర కాస్త ఎత్తుంటుంది కదా, రెండు పక్కలా కింద సందు ఉంటుంది. అందులోంచి కనిపించేదే లోకం. ఈ ఎరుపంతా గుడ్డ. పైన బల్బు, కింద మూసిన కన్ను, మధ్యలో గుడ్డ. ఇదిగో, సరిగ్గా ఈ ఎరుపే. నల్లగా ఉన్నచోట గుడ్డ మడత పడింది." అతను గడ్డం ఇంకాస్త ఎత్తాడు. "పసుపు ఏమిటంటే, తలుపు కింద సందులోంచి వరండా లైటు. ఎడమ పక్క సన్నం, కుడి పక్క వెడల్పు. ఎందుకంటే ఆ తలుపు ఒంకర. కుడివైపు కింద చెక్క విరిగిపోయింది."

 బతూల్ తండ్రివైపు చూసింది. కంబళి అంచును ఆయన రెండు చేతులా పట్టుకున్నాడు.

"గంతలు ఈ దేశంలో ఎంతమందికి కట్టలేదు!" అంటున్నాడు అతను. "పోస్టాఫీసు గోడ మీద ఈ కాగితం చూసి మొదట అదే అనుకున్నాను. ఎవరో ఏ జైల్లోనో ఉండొచ్చాడు, వేసుకున్నాడులే అని. కానీ ఆ నీలం చూశాక కాగితం ఊడదీసి పట్టుకొచ్చానమ్మా. తలుపు దగ్గర నేలంతా మట్టిరంగు పెంకులు, ఒక్కటి మాత్రం నీలం. పగిలిపోతే దొరికింది అతికించి ఉంటారు. వాళ్ళ బూట్లు వచ్చి దాని మీద ఆగేవి. నీలం కనిపిస్తే ఎవరూ లేరని. నీలం కనిపించకపోతే ఎవరో వచ్చారని, ఇప్పుడు నా వంతో పక్కవాడి వంతో అని. పద్దెనిమిదేళ్ళలో మొదటి రెండేళ్ళూ నేను చూసింది ఆ పెంకునే."

బతూల్‌కు అతని జెల్లాబా, మెట్ల మీద అతని నడక అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. కిందటి సెప్టెంబరులో సర్కారు రహస్య చెరల్లోంచి కొందరిని వదిలారు. పత్రికలు పేర్లు రాయలేదు. ఊళ్ళో మాత్రం గుసగుసగా చెప్పుకున్నారు, పద్దెనిమిదేళ్ళ కిందట చచ్చిపోయారనుకున్నవాళ్ళు ఇళ్ళకు తిరిగొస్తున్నారని.

అతను నేల మీదనే ముఫద్దల్ కుర్చీవైపు జరిగాడు. ఆయన చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకున్నాడు.

"ముఫద్దల్ గారూ, నా పేరు అయ్యాద్. బయటికొచ్చాక మా అక్కకి ఆ పెంకు గురించి చెప్పాను. డాక్టరుకి చెప్పాను. వాళ్ళు తలూపారు. పాపం పిచ్చెక్కింది, ఏదో చెబుతున్నాడు అని. లోపల నా పక్కన కూర్చున్నతనికి గంత బిగువు, అది కనిపించనే లేదట. నాక్కూడా అనుమానం వచ్చింది, నిజంగా చూశానా, కల్పించుకున్నానా అని. మీరు గోడల మీద పెట్టారు. బళ్ళో పిల్లల పుస్తకాల్లో పెట్టారు. వాళ్ళ ముక్కు కిందే, వాళ్ళ చేతే తపాలా బిళ్ళ వేయించారు! లోపల మేం కుళ్ళిపోతుంటే బయట ఒకడు మా గోడని దేశమంతా తిప్పుతున్నాడని తెలిసుంటే, ఇంకో పద్దెనిమిదేళ్ళు నవ్వుతూ ఉండేవాణ్ణి."

ముఫద్దల్ చేయి లాక్కున్నాడు.

"నాది ముప్పై ఒకటి" అన్నాడు అయ్యాద్, ఆ విసురును గమనించకుండా. "పేర్లు లేవు కదా అక్కడ. మీ నెంబరెంత?"

"నాన్నా" అంది బతూల్. "మిమ్మల్ని ఎప్పుడు... మాకెప్పుడూ చెప్పలేదేం?"

"పన్నెండు" అన్నాడు ముఫద్దల్ కుంపటిలోకి చూస్తూ.

"పన్నెండా! మా వరసకి పైనే. గోడ మూల. అక్కడ నీళ్ళు కారేవి. ఎంతకాలం ఉన్నారు?"

"పదకొండు."

"పదకొండేళ్ళు!" అయ్యాద్ తల కొట్టుకున్నాడు. "మరి ఒక్కసారీ మీ గొంతు..."

"రోజులు" అన్నాడు ముఫద్దల్. "పదకొండు రోజులు."

అయ్యాద్ ముఖంలో నవ్వు ఇంకా అలాగే ఉంది, తీసేయడం మరిచిపోయినట్లు. కొంతసేపటికి దానంతటదే జారిపోయింది. వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు. గోడ పట్టుకుని లేవబోయి తూలాడు. బతూల్ పట్టుకోబోతే, "ముట్టుకోకమ్మా" అన్నాడు. కటువుగా కాదు, అలసటగా.

"ఆ చెరలోంచి పదకొండు రోజులకి బయటికొచ్చిన మనిషిని నేనెరగను. జ్వరమొచ్చి పోయినవాళ్ళని ఎరుగుదును. ఉరేసుకున్నవాణ్ణి ఎరుగుదును. నడిచి బయటికెళ్ళినవాడు..." అతను ముఫద్దల్ ఎదురుగా నిలబడ్డాడు. ఇంతసేపూ ఉన్న 'మీరు' ఎక్కడికో పోయింది. "ఏం చెప్పి బయటపడ్డావు?"

"నాన్నా, ఏ సంవత్సరం?" బతూల్ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "డెబ్బై మూడా? మార్చిలోనా? అప్పుడు మీరు మాడ్రిడ్ వెళ్ళారు కదా. బొమ్మలు చూపించడానికి. అమ్మకి శాలువా కూడా తెచ్చారు. నల్లది, అంచుకి గులాబీలున్నది."

"అది మన తాంజీర్‌లోనే కొన్నాను" అన్నాడు ముఫద్దల్. "తిరిగొచ్చేటప్పుడు. ఎక్కడికి వెళ్ళొచ్చానంటే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా."

పందొమ్మిదేళ్ళుగా జుహూర్ పెళ్ళిళ్ళకీ పండగలకీ అదే శాలువా కప్పుకుంటోంది. పలకరించినవాళ్ళకల్లా మాడ్రిడ్ నుంచి తెచ్చారని చెబుతుంది.

"అడిగింది చెప్పు" అన్నాడు అయ్యాద్.

"మీ పేరు చెప్పలేదు. మీ పేరు నేను వినడమే ఇవాళ."

"నా పేరు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా బస్సులో సీటు కింద సర్కారు మీద తిరగబడమన్న కాగితాల కట్ట దొరికింది. ఎవరు పెట్టారో నాకు నిజంగా తెలీదు. కొట్టి కొట్టి వాళ్ళే విసిగిపోయారు. నాకు తెలిసుంటే ఏ రోజున చెప్పేవాణ్ణో! అందుకని నా కోసం అడగడం లేదు. ఆ గోడకి ఆనుకుని ఇరవై మందిమి కూర్చున్నాం. బయటికొచ్చింది ఎనిమిది మంది. మిగతావాళ్ళ కోసం అడుగుతున్నా. చెప్పు."

ముఫద్దల్ కుంపటిలోకే చూస్తూ మొదలుపెట్టాడు. గొంతులో ఏ బరువూ లేదు, ఎవరి కథో చదువుతున్నట్లు చెప్పాడు.

"ఆ కాగితాల మీద ఒక బొమ్మ ఉండేది, పిడికిలి బొమ్మ. దాని అచ్చు నేనే చెక్కి ఇచ్చాను. అంతకుమించి నేను చేసిందేమీ లేదు. బొమ్మ చెక్కింది నేనని వాళ్ళకి తెలుసు. నాతో వాళ్ళకి పని లేదు. అచ్చు మిషను ఎక్కడుంది, తిప్పేది ఎవరు, అదే కావాలి. తొమ్మిది రోజులు తెలీదన్నాను. పదో రోజు నా కుడిచేతిని బల్ల మీద పెట్టి సుత్తి తెచ్చారు. ఏమీ చేయలేదు. పక్కన పెట్టారు, అంతే. నాకు గంత కిందనుంచి సుత్తి పిడి కనిపిస్తోంది. వేలు కూడా తాకలేదు వాళ్ళు."

అయ్యాద్ కళ్ళు మూసుకున్నాడు.

"ఇంటికొచ్చాక కళ్ళు మూసినా తెరిచినా ఆ ఎరుపే. ఏడాదిపాటు కుంచె పట్టుకోలేదు. కాన్వాసు మీదికి దించేస్తే నన్ను వదులుతుందనుకున్నాను. దించాను. వీళ్ళొచ్చి చూసి, ఎంత ఆశ, ఎంత వెలుగు అన్నారు. కాదనాలంటే ఏమిటో చెప్పాలి కదా. ఊరుకున్నాను. బిరుదులిచ్చారు, పుచ్చుకున్నాను. ఎవరో ఒకరు వచ్చి గుర్తుపడతారని రోజూ భయపడ్డాను. ఎవరూ రాలేదు. గుర్తుపట్టగలిగినవాళ్ళంతా లోపలే ఉన్నారు." ఆయన మొదటిసారి తలెత్తాడు. "కిందటి సెప్టెంబరులో వదిలారని విన్నాక దాన్ని ఈ గదిలోంచి కదలనివ్వకూడదనుకున్నాను. పోస్టరు వేస్తారని అనుకోలేదు."

బతూల్‌కు తన వ్యాసం పద్నాలుగు పేజీలూ గుర్తొచ్చాయి. పిల్లల నోట్సుల్లో తను దిద్దిన వాక్యాలు గుర్తొచ్చాయి. పొద్దు, పిట్ట, కొండ. 

"ఎవరి పేరు నాన్నా?"

"నువ్వు కిందికి వెళ్ళమ్మా."

"వెళ్ళను."

"అమ్మకి వంటలో సాయం..."

"ఎవరి పేరు చెప్పారు?"

"తయ్యిబ్" అన్నాడు ముఫద్దల్.

బతూల్ పక్కనున్న బల్లను పట్టుకుంది. రంగుల సీసా ఒకటి దొర్లి ఆగింది.

తయ్యిబ్ ఆమె మేనమామ, జుహూర్ ఒక్కగానొక్క తమ్ముడు. తోళ్ళకు రంగులద్దే వీధిలో చిన్న దుకాణం ఉండేది. ఎండాకాలం సాయంత్రాలు బతూల్‌ను సైకిలు ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకుని మార్టిల్ సముద్రానికి తీసుకెళ్ళేవాడు. ఉప్పునీళ్ళు మింగినప్పుడల్లా, "తాగు తాగు, నీ మొగుడికి వంటలో ఉప్పు మిగులుతుంది" అని నవ్వించేవాడు. ఆమెకు పదమూడో ఏడు నడుస్తుండగా ఒక రోజు మాయమయ్యాడు. బెల్జియం వెళ్ళిపోయాడన్నారు. గనుల్లో పని దొరికిందన్నారు. ఒక ఉత్తరం లేదు, కబురు లేదు. తల్లి చచ్చిపోతే మట్టి వేయడానికి కూడా రాలేదు. ఆ రోజునుంచి జుహూర్ తమ్ముడి పేరెత్తితే మండిపడుతుంది. "ఎవత్తో తెల్లతోలుది దొరికుంటుంది. నాకు తమ్ముడు లేడు, పుట్టలేదు" అంటుంది. తయ్యిబ్ ఫోటోలన్నీ చించి పొయ్యిలో వేసింది.

"బెల్జియం వెళ్ళాడని చెప్పింది..." అంది బతూల్.

"నేనే" అన్నాడు ముఫద్దల్. "సబ్తా దగ్గర దేశం సరిహద్దు దాకా దిగబెట్టి వచ్చానని చెప్పాను. మీ అమ్మ అడిగింది, ఏం చొక్కా వేసుకున్నాడు, తినడానికేమైనా పట్టుకెళ్ళాడా అని. దానికీ జవాబు చెప్పాను."

ఆమె ఆ పూట తన తండ్రి ముఖాన్ని బొమ్మను చూసినట్లు చూసింది. ఏ గీత ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. ముద్దు చేసిన ముఖమే, పెన్సిలు పట్టడం నేర్పిన ముఖమే. అందులో ఇంకో మనిషి పందొమ్మిదేళ్ళుగా కూర్చుని ఉన్నాడు.

 తయ్యిబ్ అన్న మాట విన్నప్పటినుంచి అయ్యాద్ ఎక్కడో ఉన్నాడు. పెదాలు కదులుతున్నాయి.

"తోళ్ళ పనివాడా?" అన్నాడు చివరికి. "ఎడమచేతి చిటికెన వేలు సగమే ఉంటుందా?"

ముఫద్దల్ కంబళి జారి కింద పడింది.

"కత్తికి తెగిపోయింది" అంది బతూల్. "చిన్నప్పుడు. మీకెలా తెలుసు?"

"ముప్పయ్యో నెంబరు." అయ్యాద్ గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి, ఇందాకటిలాగే మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. "నా పక్కనే. ఎడమపక్క. మొదటి ఏడు మాట్లాడుకోవడానికి వీల్లేదు, గోడ మీద గోళ్ళతో కొట్టుకునేవాళ్ళం. రోజూ అతన్ని లేపి తీసుకెళ్ళేవాళ్ళు. ఒక్కటే ప్రశ్న. పిడికిలి బొమ్మ ఎవరు చెక్కారు?"

"వాళ్ళకి తెలుసుగా!" ముఫద్దల్ సగం లేచాడు. "నేనే ఒప్పుకున్నాను. వాళ్ళకి తెలుసు!"

"తెలుసు. కానీ అతనికి తెలీదుగా వాళ్ళకి తెలుసని. వాళ్ళకదో ఆట. అతని నోట అనిపించాలని పందెం వేసుకునేవాళ్ళు. తిరిగొచ్చి పడుకుని నాతో గోడ మీద కొట్టి చెప్పేవాడు, ఇవాళ కూడా చెప్పలేదు అని. ఎవరి పేరో నాకూ చెప్పలేదు. మా అక్కకి మొగుడున్నాడు, చిన్నపిల్ల ఉంది, ఆయన చేతులు దేవుడిచ్చిన చేతులు, నేనొక్కణ్ణి పోతే పోనీ అనేవాడు. పద్దెనిమిదేళ్ళూ అదే పట్టుకుని బతికాడు. ఒక మనిషిని కాపాడాను అని."

ముఫద్దల్ తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు. ఏడవడం లేదు. ఊపిరి మాత్రం రంపంలా వస్తోంది.

"బతికాడు అన్నారు" అంది బతూల్. ఆమె అయ్యాద్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "ఎప్పటిదాకా? ఎలా పోయాడు మామయ్య? చెప్పండి, ఫరవాలేదు, చెప్పండి."

అయ్యాద్ ఆమెవైపు జాలిగా చూశాడు.

"పోవడం ఏమిటమ్మా? బతికే ఉన్నాడు. సెప్టెంబరులో నాతోపాటే వచ్చాడు. ఇల్లెక్కడా అంటే చెప్పలేదు. ఈ అవతారంలో అక్క నన్ను చూడకూడదు, ఒంట్లో కాస్త కండ పట్టాక వెళ్తానన్నాడు. మార్టిల్‌లో మా అక్క ఇంట్లో, నా గదిలోనే ఉన్నాడు. నాలుగు నెలల్నుంచీ కండ పట్టలేదు సరికదా... ఊపిరితిత్తులు రెండూ పోయాయట. ఈ నెల దాటడం కష్టమన్నాడు డాక్టరు. నిన్న మొదటిసారి అడిగాడు, మా బావని ఒక్కసారి చూడాలని ఉందిరా అని. బావ పేరేమిటిరా అంటే నవ్వి ఊరుకున్నాడు. ఇప్పటికీ చెప్పడు. అలవాటైపోయింది."

ముఫద్దల్ ముందుకు వంగాడు. "దానికి చెప్పకండి" అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు. "జుహూర్‌కి చెప్పకండి. ముందు నేను వెళ్తాను. నేనొక్కణ్ణే వెళ్తాను. వాడి కాళ్ళు..."

"వెళ్ళి ఏం చెబుతారు?" అంది బతూల్. "నిజం చెప్పి చంపుతారా? చెప్పకుండా చేయి పట్టుకుని కూర్చుంటారా, ఆయన కాపాడిన మనిషిలాగా?"

ముఫద్దల్ కింద పడ్డ కంబళి అందుకున్నాడు.  అయ్యాద్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, టోపీ తల మీద పెట్టుకుని, మళ్ళీ తీసేశాడు. వెళ్ళిపోదామని లేచి, ఎవరూ పొమ్మనకపోవడంతో అక్కడే నిలబడిపోయాడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు ఎప్పుడు వచ్చిందో ముగ్గురిలో ఎవరూ వినలేదు. గుమ్మంలో జుహూర్ నిలబడి ఉంది. మూడంతస్తులు ఎక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. ఒక చేత్తో తలుపు పట్టుకుంది.

"అరగంటనుంచి పిలుస్తున్నా, బైసారా చల్లారిపోతోందని" అంది. తర్వాత భర్త ముఖం చూసింది, కూతురు ముఖం చూసింది, చివరికి ఆ కొత్త మనిషివైపు తిరిగింది. "మెట్లెక్కుతుంటే వినపడింది. బతికే ఉన్నాడు అన్నావు. ఎవరయ్యా బతికే ఉన్నది?"

అయ్యాద్ తల వంచుకుని నేలకేసి చూశాడు. బతూల్ తండ్రివైపు తిరిగింది.

"నేను చెబుతాను, జుహూర్" అన్నాడు ముఫద్దల్. కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడ్డాడు. "కూర్చో. ముందు నువ్వు కూర్చో."